ఫంక్షన్‌లో పిల్లల కార్టూన్ బొమ్మలు: ఐదు నిమిషాల్లో ఒకటి ఎలా వేయాలి

పుట్టినరోజు ఫంక్షన్‌లో ఒక మూల కుర్చీ వేసుకుని అట్ట మీద కాగితం పెట్టి గీయడం మొదలుపెట్టండి. మూడో నిమిషానికి మీ భుజం మీద ఎవరిదో గడ్డం ఆనుతుంది. "అంకుల్, నాది కూడా వేస్తావా?" అని అడుగుతారు. పదో నిమిషానికి క్యూ తయారవుతుంది. బొమ్మలు వేయడం కాస్త వచ్చిన ఎవరైనా ఈ పని నేర్చుకోవచ్చు. పన్నెండేళ్ళుగా బారసాలల్లో, ఓణీల ఫంక్షన్లలో, పెళ్ళి రిసెప్షన్లలో వేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. పెద్దవాళ్ళ క్యారికేచర్‌కి ఉన్న సూత్రం పిల్లలకి పెట్టకూడదు. పెద్దవాళ్ళలో కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని పట్టుకుని సాగదీస్తాం: ముక్కు, మీసం, బట్టతల. కొత్తలో ఒక గృహప్రవేశంలో ఎనిమిదేళ్ళ బాబుకి నేనూ అదే చేశాను. వాడి చెవులు కొంచెం బయటికి ఉన్నాయి. వాటిని రెండింతలు చేసి వేశాను. చుట్టూ ఉన్న అందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. గంట తర్వాత భోజనాల దగ్గర చూస్తే, వాడి పిడికిట్లో ఆ కాగితం ఎనిమిది మడతలు పడి ఉంది. పక్కనున్న అన్నయ్య వాడి చెవి పట్టుకుని లాగుతున్నాడు. ఆ చెవుల గురించి వాడు అప్పటికే రోజూ మాటలు పడుతున్నాడని నాకు ఎందుకు తట్టలేదా అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటినుంచి నాకు ఒకటే నియమం: ఎదుటివాళ్ళు ఏడిపించేదాన్ని చిన్నది చేయి, పిల్లలు గర్వపడేదాన్ని పెద్దది చేయి. కింద చెప్పేదంతా ఈ నియమం చుట్టూ తిరుగుతుంది.

ఏమేం తీసుకెళ్ళాలి

కాగితం ఎ4 సైజు, 150 జీఎస్ఎమ్ (కాగితం మందాన్ని చెప్పే అంకె) దగ్గరలో ఉన్న కార్ట్రిడ్జ్ షీట్, అంటే బొమ్మలు వేసే మందపాటి కాగితం. జిరాక్స్ కాగితం వద్దు, మార్కర్ ఇంకు వెనక్కి దిగిపోతుంది, పిల్లల చేతుల్లో పది నిమిషాలకే నలిగిపోతుంది. ఇరవై మంది పిల్లలు అంటే నలభై షీట్లు పట్టుకెళ్ళండి. గట్టి అట్ట ఒకటి, దానికి నాలుగు మూలలా బైండర్ క్లిప్పులు. ఈ క్లిప్పులు మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే మన ఫంక్షన్ హాళ్ళలో స్టాండు ఫ్యాన్ ఏదో ఒకటి మీ వైపే తిరుగుతుంది.

పెన్నుల విషయంలో రెండు చాలు. గీతకి కుంచెలాంటి మొన ఉండే నల్ల బ్రష్ పెన్ను ఒకటి, పేరు రాయడానికి ఒక లావు మార్కర్. ఘాటు వాసన వచ్చే పర్మనెంట్ మార్కర్లు వద్దు, పిల్లలు ముఖం కాగితానికి ఆనించి చూస్తారు. నీటి ఇంకువి తీసుకోండి. అయితే కొన్నది నేరుగా ఫంక్షన్‌కి పట్టుకెళ్ళకండి. ఇంట్లో ఒక గీత గీసి, ఇరవై అంకెలు లెక్కపెట్టి, తడివేలితో రుద్దండి. చెదిరిపోతే ఆ పెన్ను పక్కన పెట్టేయండి, చెమట చేతులకి అది ఆగదు. వీటితోపాటు మెత్తటి పెన్సిల్ ఒకటి, ఒక క్రేయాన్ల పెట్టె, బొమ్మ ఇవ్వడానికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లు.

క్రేయాన్ల పెట్టెలో లేత గులాబీ రంగుది ఒకటి ఉంటుంది, పిల్లలు దాన్ని "స్కిన్ కలర్" అంటారు. అమెరికాలో క్రేయోలా కంపెనీ అలాంటి రంగుకే 'ఫ్లెష్' అని పెట్టిన పేరుని 1962లో 'పీచ్'గా మార్చింది. మనం ఇంకా స్కిన్ కలర్ అనే పిలుస్తున్నాం. ఆ రంగు మన పిల్లల్లో చాలామంది ఒంటిది కాదు. మీ పెట్టెలో లేత గోధుమ, ముదురు గోధుమ, పసుపు కలిసిన మట్టి రంగు తప్పకుండా ఉండాలి. దీని గురించి మళ్ళీ చెప్తాను.

ఇంట్లో ముందు సాధన

పది రోజులు చాలు. మొదటి మూడు రోజులు తల ఆకారాలే గీయండి. వంటింట్లోకి వెళ్తే అన్నీ దొరుకుతాయి: కోడిగుడ్డు, తిరగేసిన కోడిగుడ్డు, గుండ్రటి బూరె, బంగినపల్లి మామిడికాయ, నిలువు వంకాయ. ఏ పిల్లాడి ముఖమైనా వీటిలో దేనికో ఒకదానికి దగ్గరగా ఉంటుంది. తర్వాత మీ ఇంట్లో ఉన్న స్కూలు గ్రూప్ ఫోటో ఒకటి తీసి, అందులో ఉన్న వాళ్ళందర్నీ వరసగా వేయండి. ఫోన్లో ఐదు నిమిషాల టైమర్ పెట్టుకోండి. మోగగానే ఎక్కడున్నా ఆపేయాలి. మొదట్లో కళ్ళ దగ్గరే ఆగిపోతారు. యాభయ్యో ముఖానికి వచ్చేసరికి పేరు రాసే టైమ్ కూడా మిగులుతుంది.

గీతలు తగ్గించడం ఎలాగో చూడాలంటే బాపు గారి బొమ్మలు ముందు పెట్టుకోండి. ఎక్కడ గీత ఆపేశారో, ఎక్కడ ఖాళీ వదిలారో వేలితో వెతకండి. కాపీ కొట్టడానికి కాదు, ఏది వదిలేయొచ్చో తెలుసుకోవడానికి.

కూర్చునే చోటు

హాల్లోకి వెళ్ళగానే డీజే స్పీకరు ఎక్కడుందో చూసుకుని దానికి ఎదురు మూలకి వెళ్ళండి. పిల్లలు చెప్పేది వినపడకపోతే సగం పని పోయినట్టే. స్టేజీ మీది ఫోకస్ లైట్లు పిల్లల వీపు వెనక ఉండకూడదు, ముఖం నల్లటి నీడలా కనిపిస్తుంది. వెలుగు పక్కనుంచి పడేలా కుర్చీ తిప్పండి. మీ కుర్చీ, పిల్లల కుర్చీ ఒకే ఎత్తులో ఉండాలి. పెద్ద కుర్చీలో కూర్చుని పైనుంచి చూస్తూ వేస్తే అందరి నుదుర్లూ పెద్దవైపోతాయి, గడ్డాలు మాయమైపోతాయి. నేనైతే చాప వేయించుకుని కింద కూర్చుంటాను, చిన్నపిల్లలు దానికి భయపడరు.

లెక్క కూడా ముందే ఇంటివాళ్ళకి చెప్పేయండి. బొమ్మకి ఐదు నిమిషాలైతే రెండు గంటల్లో 24 అవుతాయి. కేక్ కటింగ్, మంచినీళ్ళు, కూర్చోనని మొండికేసే ఒకరిద్దరు తీసేస్తే 20. నలభై మంది పిల్లలొస్తున్నారంటే ఎ5 సైజులో ముఖం వరకే వేస్తానని చెప్పండి. డబ్బు తీసుకునేట్టయితే గంటల లెక్కన మాట్లాడుకోండి. బొమ్మ లెక్కన అంటే మీ చెయ్యి తొందరపడుతుంది.

అంకెలు వేసిన చిట్టీలు చేతికిస్తే క్యూలో తోపులాట ఉండదు. మూడేళ్ళలోపు వాళ్ళని ముందు పిలవండి, రాత్రి ఎనిమిదైతే వాళ్ళకి నిద్ర వచ్చేస్తుంది. అన్నాచెల్లెళ్ళని ఒకే కాగితం మీద వేయమంటారు. వేయకండి. ఇంటికెళ్ళాక ఆ కాగితం ఎవరిదని కొట్టుకుంటారు. చెరొక చిన్న కాగితం మీద వేసివ్వండి.

మొదటి అర నిమిషం పెన్ను పట్టుకోవద్దు

ఇది అందరూ దాటేసే మెట్టు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. పిల్ల వచ్చి కూర్చోగానే పేరు అడగండి, ఒక ప్రశ్న వేయండి, జవాబు చెప్తుంటే ముఖం చూడండి. "నవ్వమ్మా, నవ్వు" అనకండి, ఫోటోలకి నవ్వి నవ్వి వాళ్ళ బుగ్గలు అప్పటికే నొప్పెడుతుంటాయి. "మీ క్లాసులో అల్లరి ఎవరు ఎక్కువ చేస్తారు?" అంటే చాలు, అసలు ముఖం బయటికొస్తుంది. "ఇవాళ నీకు అన్నిటికంటే నచ్చింది ఏంటి?" అన్నది కూడా బాగా పనిచేస్తుంది.

ఈ అర నిమిషంలో మూడు విషయాలు పట్టుకోవాలి. తల ఏ ఆకారం? రెండు కళ్ళ మధ్య దూరం ఎంత? పిల్ల దేన్ని చూపించుకోవాలనుకుంటోంది? మూడోది చేతులు చెప్తాయి. కొత్త గాజులుంటే చెయ్యి ముందుకి వస్తుంది. జడకుచ్చులు పెట్టించుకున్న పాప జడ ముందుకి వేసుకుంటుంది. దాచుకోవాలనుకునేది కూడా చేతులే చెప్తాయి.

ఒక భోగిపళ్ళ పేరంటంలో ఆరేళ్ళ పాప నా ముందు కూర్చుంది. అడిగినదానికల్లా జవాబు చెప్తోంది గానీ, చెయ్యి నోటి మీదనుంచి తీయడంలేదు. వాళ్ళమ్మ వెనకనుంచి "చెయ్యి తియ్యి, పళ్ళు లేవని సిగ్గు" అంది. పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చెయ్యి తీయమనలేదు. అలాగే వేశాను: నోటికి అడ్డంగా ఐదు బుల్లి వేళ్ళు, వాటిమీద గోరింటాకు చుక్కలు, పైన నవ్వుతో సన్నబడిన రెండు కళ్ళు. బొమ్మ చూసుకుని చెయ్యి తీసేసి పకపకా నవ్వింది. పైన రెండు పళ్ళు లేవు. అప్పుడు తనే "ఇంకోటి ఇలా వెయ్యవా" అని నోరు తెరిచింది.

గీసే వరస

పెన్సిల్‌తో కనీకనబడకుండా తల ఆకారం, దాని మీద అడ్డంగా కళ్ళ గీత, నిలువుగా ముక్కు గీత. పది సెకన్ల పని. పెద్దవాళ్ళ కళ్ళు తల పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. పిల్లలకి సగానికి కిందకి ఉంటాయి, ఎంత చిన్నపిల్లలైతే అంత కిందకి. నుదురు పెద్దది, ముక్కు, గడ్డం చిన్నవి, బుగ్గలు బయటికి. నల్లగుడ్డు మాత్రం రెండు మూడేళ్ళకే దాదాపు పెద్దవాళ్ళంత ఉంటుంది, అందుకే ఆ చిన్న ముఖంలో కళ్ళు అంత పెద్దవిగా కనబడతాయి. ఈ పోలికలే మనలో ముద్దు పుట్టిస్తాయని ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లో రాశాడు. మనకి పనికొచ్చేది ఇది: బొమ్మలో పిల్లాడు పెద్దవాడిలా కనబడుతున్నాడంటే, పదిలో తొమ్మిదిసార్లు కళ్ళు పైకి పెట్టేసి ఉంటారు. గీత కిందకి దించండి.

తర్వాత పెన్నుతో మొదట కళ్ళు. ఎందుకంటే పిల్లలు ఎప్పుడు లేచి పరిగెడతారో తెలియదు. జుట్టు, గౌను దూరంనుంచి చూసైనా వేసుకోవచ్చు, చూపు మళ్ళీ దొరకదు. నల్లగుడ్డు నిండుగా నలుపు చేసి, వెలుగు వచ్చే వైపు చిన్న తెల్లచుక్క వదలండి. రెండు కళ్ళలోనూ చుక్క ఒకే వైపు ఉండాలి. కళ్ళజోడు ఉంటే ముందు ఫ్రేము గీసి, దాని లోపల కళ్ళు పెట్టండి. కాటుక పెట్టి ఉంటే కింది రెప్ప గీత లావు చేయండి. ఆడపిల్లలందరికీ పొడుగు రెప్పవెంట్రుకలు తగిలించకండి, అందరూ ఒకే పిల్లలా తయారవుతారు.

కనుబొమలు పోలికకి ప్రాణం. ఆశ్చర్యపోయే ముఖమైతే తలకట్టులా పైకి ఎగరేయండి, సిగ్గరి అయితే కళ్ళకి దగ్గరగా, పలచగా. ముక్కుకి వెల్లకిలా పడుకోబెట్టిన అరసున్న చాలు. ముక్కు పక్కనుంచి నోటి చివరిదాకా వచ్చే మడత ఎప్పుడూ గీయొద్దు, కళ్ళ కింద గీత కూడా వద్దు. ఆ రెండూ ముప్పై ఏళ్ళు పెంచేస్తాయి.

నోట్లో పళ్ళు ఒక్కొక్కటిగా గీయకండి, మొత్తం తెల్లటి పట్టీలా వదిలేయండి. ఆరేళ్ళ దగ్గర పాలపళ్ళు ఊడటం మొదలవుతుంది, ఆ వయసు వాళ్ళలో చాలామందికి ముందు ఖాళీ ఉంటుంది. "ఖాళీ వేయనా?" అని అడగండి. కొందరికి అది పెద్ద గొప్ప, కొందరికి బెంగ. కొత్తగా వచ్చిన ముందుపళ్ళు ముఖానికి పెద్దవిగా ఉంటాయి, వాటిని సాగదీయొద్దు.

ఇప్పుడు ముఖం అంచు. నుదుటి పక్కనుంచి బుగ్గ మీదుగా గడ్డం దాకా ఒకే ఊపులో రావాలి. చెయ్యి ఆగి ఆగి వెళ్తే బుగ్గ ముడతలు పడినట్టు ఉంటుంది. ఊపిరి బిగబట్టి కాదు, వదులుతూ గీయండి. చెవులు మామూలుగా, చిన్నగా.

జుట్టు మీద ఒక నిమిషం పెట్టండి, మన పిల్లల పోలికలో సగం అక్కడే ఉంది. వెంట్రుకలు గీయకండి, మొత్తం జుట్టుని ఒక ముద్దగా చూసి అంచు గీసి, నలుపు నింపి, మెరుపుకి ఒక తెల్లపాయ వదలండి. ఉంగరాల జుట్టుకి చిన్నా పెద్దా సున్నలు. నడినెత్తిన పిలక, రెండు జడలు, పాపిడిబిళ్ళ, మల్లెపూలు, ఏదీ వదలొద్దు. బుగ్గమీద దిష్టిచుక్క ఉంటే తప్పకుండా పెట్టండి, లేకపోతే నాయనమ్మ వచ్చి అడుగుతుంది. మొక్కు తీర్చుకుని తిరుపతి నుంచి అప్పుడే వచ్చిన గుండు పిల్లలు ప్రతి ఫంక్షన్లోనూ ఒకరైనా ఉంటారు. "గుండుతో వేయనా, జుట్టుతో వేయనా?" అని వాళ్ళనే అడగండి, అమ్మానాన్నల్ని కాదు. గుండంటే గుండే, గంధం రంగు కొంచెం అద్ది మెరుపు గీతలు రెండు పెట్టండి.

మెడ సన్నగా, ఒళ్ళు బుల్లిగా. కాగితంలో సగం తలకే పోవాలి. చేతులు వేయడానికి టైమ్ పడుతుంది కాబట్టి ఒక చేతికి ఏదో ఒకటి పట్టించండి. ఏది పట్టించాలో పిల్లలే చెప్పాలి. బ్యాటు, సైకిలు, పిల్లి అనేవి ఎక్కువ వస్తాయి. ఒకసారి ఒక బాబు "మా తాతయ్య ట్రాక్టర్" అన్నాడు, రంగు కూడా చెప్పాడు, ముందు చక్రాలు చిన్నవి వెనకవి పెద్దవి అని దగ్గరుండి సరిచేయించాడు. అలాంటప్పుడు రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా పర్వాలేదు.

రంగు గొడవ

టైమ్ ఉన్నా మూడు రంగులకి మించొద్దు: ఒంటి రంగు, బట్టల రంగు, బుగ్గలకి కొంచెం ఎరుపు. క్రేయాన్‌ని పడుకోబెట్టి ముఖం ఒక పక్క మాత్రమే మెత్తగా రుద్దితే చాలు.

ఇక్కడ ఒక మాట వినాల్సి వస్తుంది. "కొంచెం తెల్లగా వేయండి" అంటారు. ఆ పిల్ల వింటుండగానే అంటారు. ఎదురు వాదించి ఫంక్షన్ పాడుచేయలేం, అలాగని తలూపనూలేం. నేను చేసేది ఇది. రెండు మూడు గోధుమరంగు క్రేయాన్లు పిల్ల ముందు పెట్టి, "నీ చేతి పక్కన పెట్టి చూడు తల్లీ, ఏది నీ రంగు?" అంటాను. పిల్లలు చాలా శ్రద్ధగా చెయ్యి పక్కన పెట్టి పోల్చి సరైనది తీసిస్తారు. "భలే పట్టేశావే, ఇది ఎంత బాగుందో" అని అదే వాడతాను. పిల్ల ఎంచుకున్నాక పెద్దవాళ్ళు సాధారణంగా ఊరుకుంటారు. అసలు రంగే వేయకుండా నలుపు గీతతో వదిలేయడం కూడా మంచి దారే, కానీ అందరికీ అలాగే వేయాలి, కొందరికి వేసి కొందరికి మానేయకూడదు.

లావు, బక్క విషయమూ ఇంతే. ఒళ్ళు అందరికీ ఒకే కొలతలో బుల్లిగా వేస్తే ఆ సమస్యే రాదు.

ఏడ్చేవాళ్ళు, కదిలేవాళ్ళు

రెండేళ్ళలోపు వాళ్ళు ఒంటరిగా కూర్చోరు. అమ్మ ఒళ్ళోనే ఉంచి, అమ్మ చేతులు కూడా బొమ్మలో పెట్టండి. ఏడుస్తుంటే ఏడుపు వేయకండి, "బుజ్జిగాడు ఆడుకుని రానీ, తర్వాత వేద్దాం" అని చిట్టీ వాళ్ళమ్మకి ఇచ్చేయండి. ఒకచోట నిలవని వాళ్ళ చేతికి ఒక కాగితం, క్రేయాను ఇచ్చి "నువ్వు నా బొమ్మ వెయ్యి, నేను నీది వేస్తాను" అంటే మూడు నిమిషాలు గ్యారంటీ. వాళ్ళు వేసింది తప్పకుండా అడిగి చూడండి.

పిల్లల ముఖం పట్టుకుని తిప్పకండి, "అటు కిటికీ వైపు చూడు నాన్నా" అంటే సరిపోతుంది. మీ బొమ్మలతో పాటు పిల్లల ఫోటో తీసి ఎక్కడైనా పెట్టుకోవాలనుంటే అమ్మానాన్నల్ని ముందు అడగండి.

పేరు రాయడం

చివర్లో లావు మార్కర్‌తో పేరు, కింద తేదీ. పేరు తెలుగులో రాయండి. ఇప్పటి పేర్లు విని రాయడం కష్టం. ఋత్విక్‌లో మొదటిది ఋ అనుకుంటాం, వాళ్ళింట్లో రి రాస్తారు. హ్రస్వమో దీర్ఘమో కూడా అడగాలి. అమెరికానుంచి సెలవులకి వచ్చిన పిల్లల్లో కొందరు తమ పేరుని తెలుగులో చూడటం అదే మొదటిసారి. వాళ్ళకి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివి వినిపించండి. బొమ్మకంటే దాన్నే ఎక్కువసేపు చూస్తారు. ఇంకు ఆరాకే కవర్లో పెట్టండి, చుట్ట చుట్టి ఇవ్వకండి.

సర్దేసే ముందు రెండు షీట్లు విడిగా ఉంచుకోండి. క్యూలో నిలబడని పిల్లలు కొందరు ఉంటారు. వంటవాళ్ళ పిల్లలు, వాచ్‌మన్ పిల్లలు స్తంభం పక్కనుంచి అంతా చూస్తూ ఉంటారు, వాళ్ళ చేతికి చిట్టీ ఎవరూ ఇవ్వరు. మొన్న ఒక రిసెప్షన్‌లో పెన్నుల మూతలు పెట్టేస్తుంటే అలాంటి పాప ఒకతి కనిపించింది. పిలిచి కూర్చోబెట్టి, అందరికీ వేసినట్టే వేశాను, కొత్త రబ్బరు బ్యాండు పెట్టుకున్న పిలకతో సహా. పేరు అడిగితే చెప్పింది. చివర దీర్ఘం ఉందా అన్నాను. కాసేపు ఆలోచించి, వంగి, చాప పక్కన దుమ్ములో వేలితో రాసి చూపించింది. దీర్ఘం ఉంది.